కాజా కాలు, ఎదురింటి కారు

ఒరేయ్ శీనూ,

ఎదురింటాయన కొడుకు మీ కుక్క కాజాని కారుతో గుద్దేశాడని నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. ఎదురింటాయన్ని నువ్వు తిట్టిన తిట్లలో కొన్ని మన హాస్టల్లో కూడా వినలేదు, ఎక్కడ నేర్చుకున్నావో ఏమో. ఫోన్ చేద్దామంటే అవతలివాళ్లు చెప్పేది వినే పరిస్థితిలో లేవు. అందుకే ఉత్తరం. దీనికైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

ముందు కాజా సంగతి. తొడ ఎముక విరిగింది గానీ ప్రాణానికి భయం లేదన్నారు, సంతోషం. అయినా ఈ రెండు రోజులూ దాన్ని కనిపెట్టుకుని ఉండండి. మా బావమరిది వెటర్నరీ డాక్టరు కదా, రాత్రి వాడితో మాట్లాడాను. కారు తగిలిన కుక్క మొదటి రోజు బాగానే ఉన్నట్టు కనిపించి మర్నాడు తిరగబెట్టడం మామూలేనట. ఊపిరితిత్తులు కమిలితే ఆయాసం మెల్లగా పెరుగుతుంది. మూత్రాశయం చిట్లితే వెంటనే తెలియదు, అందుకని మూత్రం పోస్తోందా లేదా అన్నది చూస్తూ ఉండాలి. పెదవి పైకెత్తి చిగురు మీద వేలితో నొక్కి వదులు. రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి. తెల్లగా పాలిపోయి ఉంటే లోపల రక్తం పోతున్నట్టు అనుమానించాల్సిందే. అలాంటిదేమైనా కనిపిస్తే అర్ధరాత్రయినా ఆగకుండా ముందు మీ డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఎముకకి ప్లేటు వేయించే విషయంలో రెండో అభిప్రాయం కావాలంటే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు దగ్గరే.

ఇంకో మాట. పాపం మూలుగుతోందని మీ నాన్నగారు తన నొప్పి మాత్ర చిదిమి పెరుగన్నంలో కలిపి పెట్టేస్తారేమో, ఆయన సంగతి నాకు తెలుసు. వద్దని చెప్పు. మనుషులు వేసుకునే పారాసెటమాల్, బ్రూఫెన్ లాంటివి కుక్క కాలేయాన్నీ కిడ్నీల్నీ దెబ్బతీస్తాయి. డాక్టరు రాసినవి మాత్రమే వెయ్యండి.

ఎత్తుకోబోతే నీ చెయ్యి కొరికిందని చెల్లెమ్మ చెప్పింది. నువ్వు మాత్రం ఆ సంగతి ఎత్తలేదు, పరువు తక్కువనా? నొప్పిలో ఉన్న కుక్క సొంతవాళ్లనైనా కొరుకుతుంది. ఊపిరి బాగానే ఆడుతుంటే మూతికి మెత్తటి గుడ్డ పీలిక వదులుగా చుట్టి, దుప్పటి మీదకో చెక్క మీదకో మెల్లగా జరిపి తీసుకెళ్లాలట. దానికి టీకాలన్నీ వేయించాను కదా అని నీ చేతిని వదిలెయ్యకు. సబ్బుతో బాగా కడిగి, ఇవాళే డాక్టరుకి చూపించి, రేబిస్ ఇంజెక్షన్ సంగతి అడుగు.

సరే, ఇక నీ కేసు. 'హిట్ అండ్ రన్ పెట్టి ఆ కుర్రాణ్ని లోపల వేయిస్తా' అన్నావు. ఇన్నేళ్లుగా మోటార్ ఇన్సూరెన్స్ క్లెయిములు చూస్తున్నవాణ్ని కాబట్టి చెప్తున్నా, అది నిలబడదు.

ర్యాష్ డ్రైవింగ్ సెక్షన్ పాత భారత శిక్షాస్మృతి, అంటే ఐపీసీలో 279. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్‌లో అది 281 అయింది. నంబరు మారింది గానీ విషయం అదే. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చేలా, మనుషులకు దెబ్బ తగిలేలా నడపడం గురించి అది. అందులో కుక్క లేదు. జంతువును చంపితేనో కుంటిదాన్ని చేస్తేనో వేరే సెక్షన్ ఉంది, బీఎన్ఎస్ 325. ఐదేళ్ల దాకా శిక్ష. వినగానే నీకు ఉత్సాహం వస్తుందని తెలుసు. కానీ వాడు కావాలని గుద్దాడనో, దెబ్బ తగులుతుందని తెలిసి తెలిసీ పోనిచ్చాడనో చూపించాలి. గేటులోంచి ఒక్కసారిగా దూకిన కుక్క విషయంలో అది ఎలా చూపిస్తావు? ఇక జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే చట్టం. అది 1960 నాటిది. మొదటిసారి నేరానికి జరిమానా ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయలు. ఇప్పటికీ అంతే. నువ్వు స్టేషన్‌కి వెళ్లొచ్చే ఆటో ఖర్చు అంతకన్నా ఎక్కువ.

ఇవి నా సొంత తీర్పులు కావు. బెంగళూరులో ఒక పెంపుడు కుక్క కారు కింద పడి చనిపోతే, డ్రైవరు మీద పెట్టిన కేసును 2022లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. ప్రమాదం జరిగితే ఆగాలి, ఆసుపత్రికి చేర్చాలి, పోలీసులకు చెప్పాలి అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్లో ఉందే, అది గాయపడిన మనుషుల గురించే, జంతువులకు వర్తించదు అంది. అదే ఏడాది డిసెంబరులో బాంబే హైకోర్టు ముందుకి ఇంకోటి వచ్చింది. ఫుడ్ డెలివరీ చేసే ఒక ఇంజినీరింగ్ విద్యార్థి బైకు కింద వీధికుక్క పడి చనిపోయింది. పెంచుకునేవాళ్లు కుక్కను బిడ్డలాగా చూసుకోవచ్చు గానీ అది మనిషి కాదు అని చెప్పి ఎఫ్ఐఆర్ కొట్టేయడమే కాదు, ఆ కుర్రాడికి 20 వేలు ఇవ్వమని ప్రభుత్వానికే చెప్పింది. ఎస్సై గారికి ఈ సంగతి తెలిసి ఉంటే నీ కాగితం తీసుకోవడానికి కూడా వెనకాడతారు.

నాకు విచిత్రంగా అనిపించేది ఒకటుంది. మన మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. బ్రిటన్ వాళ్ల రోడ్డు ట్రాఫిక్ చట్టం కూడా 1988దే. వాళ్ల 170వ సెక్షన్లో జంతువుల జాబితా ఉంటుంది: గుర్రం, పశువులు, గాడిద, కంచరగాడిద, గొర్రె, పంది, మేక, కుక్క. వీటిలో దేన్ని గుద్దినా ఆగాలి, వివరాలు ఇవ్వాలి, లేకపోతే 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. పిల్లి మాత్రం జాబితాలో లేదు, దాన్ని కూడా చేర్చమని అక్కడి పిల్లుల అభిమానులు ఏళ్ల తరబడి గొడవ చేస్తున్నారు. మన దగ్గర కుక్కకే దిక్కు లేదు. ఒక్క ముక్క చేర్చి ఉంటే ఏం పోయేదని ఫైలు తెరిచిన ప్రతిసారీ అనుకుంటాను.

డబ్బు సంగతి వేరు. క్రిమినల్ కేసు నిలబడనంత మాత్రాన నష్టపరిహారం అడగకూడదని కాదు. చట్టం లెక్కలో కాజా నీ ఆస్తి. నీ కూతురికి మాత్రం ఈ మాట చదివి వినిపించకు. వాళ్ల కారుకి ఉన్న థర్డ్ పార్టీ పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి మామూలుగా ఏడున్నర లక్షల దాకా కవర్ ఉంటుంది. కొంతమంది ప్రీమియంలో నాలుగు రాళ్లు మిగులుతాయని దాన్ని ఆరు వేలకు తగ్గించుకుంటారు, కాబట్టి ముందు ఆ పేజీ చూడాలి. ట్రిబ్యునల్‌కి, అంటే మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టుకి, వెళ్లాలంటే ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. బర్రెలకీ ఎడ్లకీ పరిహారం ఇప్పించిన ట్రిబ్యునళ్లు ఉన్నాయి, కుక్కకి అడగకూడదని ఎక్కడా లేదు. కానీ అక్కడ నిన్ను అడిగే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? కుక్క రోడ్డు మీదకి ఎలా వచ్చిందండీ?

ఇక్కడే నీకు కోపం వస్తుంది. వచ్చినా పర్లేదు, చదువు. గ్యాస్ బండ వాడు గేటు తీసి పెట్టి వెళ్లిపోయాడు అన్నావు. వాడికి కుక్క ఉందని చెప్పావా? గేటు దానంతటదే మూసుకునే స్ప్రింగు పెట్టించమని పోయిన సంక్రాంతికి మీ ఇంటికొచ్చినప్పుడు చెల్లెమ్మ నీతో అనడం నేను విన్నాను. కాజాకి మెడలో బెల్టు ఉంది గానీ దాన్ని పట్టుకునే మనిషి లేడు. కారు కింద పడేదాకా దాని బాధ్యత ఎక్కువగా మీ ఇంటిదే. ఆ కుర్రాడు కాలనీ సందులో స్పీడుగా వచ్చాడన్నావు, అది వాడి వాటా, కాదనను. ముప్పై అడుగుల సందులో పిల్లలు బంతి కోసం పరిగెత్తే సాయంత్రం పూట అలా రావడం తప్పే. అయినా మొదటి వాటా గేటుది.

ఆ సందులో కారు బదులు బైకు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించావా? నా టేబుల్ మీదకి వచ్చే ఫైళ్లలో 'కుక్క అడ్డం వచ్చింది' అన్న వాక్యం కనిపించని వారం ఉండదు. కార్లయితే బంపర్లూ హెడ్‌లైట్లతో పోతుంది. బైకులవి చదవబుద్ధి కాదు. హెల్మెట్ లేని మనిషి, రాత్రి పూట, వెనక కూర్చున్న భార్య. వీధికుక్కయితే ఎవర్ని అడగాలో తెలియక ఆ కుటుంబం తిరుగుతూ ఉంటుంది. బెల్టున్న కుక్కయితే యజమాని దొరుకుతాడు. జంతువును పెంచుకుంటూ జాగ్రత్త పడకపోతే ఆరు నెలల దాకా జైలు అని బీఎన్ఎస్ 291 చెప్తోంది, పైగా నష్టపరిహారం దావా. కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, కుక్కకి కాదు. అప్పుడు నువ్వు నీ జేబులోంచే ఇచ్చుకోవాలి. బండి నడిపేవాడికి తన పేరు మీద ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కూడా చనిపోతేనో శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనో పనికొస్తుంది, కాలు విరిగి మూడు నెలలు పడుకుంటే కాదు.

ఇంతా చెప్పి ఆ కుర్రాణ్ని వదిలేయమంటున్నాననుకోకు. గుద్దాక జరిగింది పూర్తిగా వాడి లెక్క. కుక్క అరుపు వినపడలేదంటే నేను నమ్మను. వీధి వీధంతా విన్నది. తిన్నగా వెళ్లి సెల్లార్లో కారు పెట్టి, పైకెళ్లి, నాన్నని వెంటేసుకుని వచ్చాడన్నావు. ఆ కాసేపూ మీ అమ్మగారు ఒక్కరే రోడ్డు మీద కుక్క పక్కన కూర్చున్నారు. నాకు కోపం వచ్చింది అక్కడే. సడన్ బ్రేకు వేయలేకపోయాడు, సరే. వెనక బండి ఉండి ఉంటే వేయకపోవడమే మంచిది కూడా. కానీ గుద్దినాక ఆగడానికి అడ్డేముంది? కారు వాడి దగ్గరే ఉంది, వెనక సీటు ఖాళీగా ఉంది. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆటోవాళ్లెవరూ కుక్కని ఎక్కించుకోలేదట. ఆ గంట వాడి ఖాతాలోనే పడాలి.

భయపడి ఉంటాడు, ఒప్పుకుంటాను. పందొమ్మిదేళ్లు, కొత్త లైసెన్సు. జనం చుట్టుముట్టి కొడతారేమో అనుకుని ఉంటాడు. మన ఊళ్లల్లో ఆ భయం ఉత్తది కూడా కాదు. నాన్నని తీసుకొచ్చాడు కదా, పారిపోయినవాడైతే అదీ చేయడు. ఆ పెద్దాయన వచ్చీ రాగానే కాజా వంక చూడకుండా 'మా బంపరు క్లిప్పు ఊడిపోయిందండీ' అనడం మాత్రం... శీనూ, నువ్వు ఆ తిట్లు ఎందుకు తిట్టావో అక్కడ అర్థమైంది. ఆ మాటకి నేనూ ఒకటి కలుపుకోమంటాను.

బంపరు గురించి ఆయన మళ్లీ ఎత్తితే గొడవ పడకు. సొంత పాలసీలో క్లెయిమ్ చేసుకోమను. చేసుకోడు, ఎందుకంటే చేసుకుంటే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిమ్ చేయనివాళ్లకి సొంత డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు అది, ఐదేళ్లుగా క్లెయిమ్ లేకపోతే యాభై శాతం. క్లిప్పు కోసం ఎవరూ దాన్ని పోగొట్టుకోరు. అదే నీకిచ్చే పరిహారం థర్డ్ పార్టీ కింద వెళ్తే ఆ బోనస్‌కి ఏమీ కాదు. ఈ సంగతి ఆయనకి తెలిసి ఉండదు, నెమ్మదిగా చెప్పు. ఒకటి గుర్తుంచుకో. పాలసీ షరతుల ప్రకారం కంపెనీకి చెప్పకుండా ఆయన 'తప్పు మాదే' అని కాగితం రాసివ్వకూడదు. కాబట్టి కాగితం కోసం పట్టుబట్టకు, ఆయన రాయకపోతే మోసం అనుకోకు.

నన్నడిగితే, ఆపరేషన్ బిల్లు నువ్వు కట్టు. కట్టి, బిల్లులు, ఎక్స్-రేలు దగ్గర పెట్టుకో. తర్వాత మీ నాన్నగారిని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లి, సగం ఇవ్వమని అడుగు. మీ నాన్నగారు ఎందుకంటే ఆయన ముందు నువ్వు గొంతు పెంచవు. ఇస్తే తీసుకో. మూడో వంతు ఇస్తానన్నా తీసుకో. ఇవ్వనంటే అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీకి రాద్దాం, ఆ ఉత్తరం నేను రాసిపెడతాను, ఆ పని నాకు కొత్త కాదు. డబ్బుతో పాటు ఇంకోటి కూడా అడుగు. కట్టు మార్పించడానికి తీసుకెళ్లే ప్రతిసారీ ఆ కుర్రాడు కారు తీయాలి. బిల్లు కన్నా నాకు అదే ముఖ్యం అనిపిస్తోంది. వాడు కాజాని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బందరు రోడ్డు గుంతల్లో మెల్లగా నడపాలి. పోలీస్ స్టేషన్‌కి తిప్పితే వాడు నేర్చుకునేది దాక్కోవడమే.

కాలనీ వాట్సాప్ గ్రూపులో వాడి ఫోటో, కారు నంబరు పెట్టానన్నావు. అది తీసెయ్యి, ఇది చదవగానే తీసెయ్యి. రేపు పరిహారం గురించి మాట్లాడాల్సిన మనిషి పరువు ఇవాళ వీధిన పెడితే ఆయన తలుపు తీస్తాడా?

కూతురు అన్నం తినడం లేదని చెల్లెమ్మ అంది. దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి కాజాని చూపించండి, దాచకండి. పిల్లలకి కట్టు కనిపిస్తేనే ధైర్యం వస్తుంది.

ఎక్స్-రే ఫోటో, డిశ్చార్జి కాగితం, వీలైతే వాళ్ల పాలసీ మొదటి పేజీ నాకు పంపు. శనివారం సాయంత్రం ఖాళీగానే ఉంటా, ఫోన్ చెయ్యి. తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టు. గేటు స్ప్రింగు హార్డ్‌వేర్ షాపులోనే దొరుకుతుంది, ఈసారి చెల్లెమ్మకి పని చెప్పకుండా నువ్వే వెళ్లి తీసుకురా.

నీ
రఘు