బ్యాటరీ మార్చే ముందు ల్యాప్‌టాప్ నిద్రను పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాడే విద్యార్థులు మా కళాశాల ల్యాబుకు తరచూ తెచ్చే ఫిర్యాదు ఒకటుంది. రాత్రి మూత వేసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ తెల్లవారేసరికి వేడెక్కి, ఛార్జింగ్ అడుగంటి ఉంటోంది. రిపేరు దుకాణాల్లో దీనికి దొరికే సమాధానాలు రెండే: బ్యాటరీ పోయింది కాబట్టి కొత్తది వేయించాలంటారు, లేదంటే లినక్స్ తీసేసి విండోస్ వేయించుకోమంటారు. కారణం వెదకకుండా చెప్పే ఈ మాటల వల్ల తల్లిదండ్రులకు వేల రూపాయలు ఖర్చవుతున్నా, సమస్య మాత్రం అలాగే ఉండిపోతోంది.

1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి విడుదల చేసిన, కంప్యూటర్ విద్యుత్ వాడకాన్ని నియంత్రించే ఏసీపీఐ ప్రమాణంలో ఎస్3 అనే నిద్రాస్థితి ఉంది. అందులో ప్రాసెసర్‌తో సహా దాదాపు అన్ని భాగాలకూ కరెంటు ఆగిపోయి, తెరిచి ఉంచిన పనులు చెరిగిపోకుండా ర్యామ్‌కు మాత్రమే కాస్త అందుతుంది. విండోస్‌లో, నిద్రలోనూ కొంత మేలుకునే ఉండి ఫోన్‌లా చటుక్కున తెరుచుకునే మోడ్రన్ స్టాండ్‌బై పద్ధతి వచ్చాక అనేక తయారీ సంస్థలు తమ కొత్త మోడళ్ల ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే పొందుపరిచిన మూల సాఫ్ట్‌వేర్) నుంచి ఎస్3ని తొలగించాయి. అలాంటి యంత్రాల్లో లినక్స్‌కు మిగిలేది ఎస్2ఐడిల్ నిద్ర. ఇందులో యంత్రం పూర్తిగా ఆగదు. వైఫై కార్డు, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ చిప్ దేనికది కనిష్ఠ విద్యుత్ స్థితికి దిగితేనే ప్రాసెసర్ గాఢనిద్రలోకి పోగలుగుతుంది. ఒక్కటి మొరాయించినా రాత్రంతా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. సంచిలో వేడెక్కే బాధ విండోస్ వాడేవారికీ ఉన్నదే కనుక నిందంతా లినక్స్ మీద మోపడం న్యాయం కాదు. చాలాకాలంగా ఎస్3 మీదే ఆధారపడిన, లినక్స్‌లాంటి మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ వాడకందార్ల ఇబ్బంది ఇంకా ఎక్కువ.

తన వద్ద ఏ నిద్ర ఉందో యంత్రమే చెబుతుంది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో, సిస్ డైరెక్టరీలోని పవర్ కింద ఉండే మెమ్ స్లీప్ ఫైలును (/sys/power/mem_sleep) తెరిస్తే ఒకే ఒక వరుస కనిపిస్తుంది. చదరపు బ్రాకెట్లలో ఉన్నది ప్రస్తుతం అమల్లో ఉన్న నిద్ర. ‘డీప్’ (deep) అన్న మాట కూడా ఉంటే ఎస్3 అందుబాటులో ఉన్నట్టే. దాన్ని ఎంచుకుని ఒకసారి నిద్రపుచ్చి, సరిగా మేల్కొంటోందని చూసుకున్నాక కెర్నెల్ (లినక్స్ మూలభాగం) బూట్ ఆప్షన్లలో దాన్ని శాశ్వతం చేసుకోవచ్చు. ‘డీప్’ లేకపోతే బయోస్ (యంత్రం ఆన్ కాగానే నడిచే ఫర్మ్‌వేర్) సెట్టింగుల్లో ఎస్3 ఎంపిక ఉందేమో వెదకాలి, బయోస్ అప్‌డేట్ వచ్చిందేమో చూడాలి.

ఇటీవల ఒక విద్యార్థినికి బ్యాటరీ పూర్తిగా పోయిందని దుకాణంలో చెప్పి పంపారు. పవర్ సప్లై డైరెక్టరీలో బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యాన్నీ, ఇప్పుడు నిండే సామర్థ్యాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్వల్పమే. యంత్రం తన పనుల్ని నమోదు చేసుకునే సిస్టమ్ లాగ్ చదివితే మూత వేసి ఉన్నప్పుడే యంత్రం పదేపదే మేల్కొని మళ్లీ నిద్రపోతోందని తేలింది. వైర్‌లెస్ మౌస్ కోసం యూఎస్‌బీ పోర్టులో వదిలేసిన చిన్న రిసీవర్ తనను తాను కీబోర్డుగా కూడా చెప్పుకుంటుంది కాబట్టి, యంత్రాన్ని లేపే అనుమతి దానికి ఉంది. సంచిలో మౌస్ కదిలినప్పుడల్లా ల్యాప్‌టాప్ మేల్కొంటోంది. ఆ అనుమతి తీసేశాక అదే బ్యాటరీతో ఆమె పని సాగుతోంది.

అయితే ఫర్మ్‌వేర్‌లోనే లేని నిద్రను వాడకందారు తెచ్చుకోలేరు. అది తయారీదారుల చేతిలోని పని. 2018లో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఆరో తరం మోడల్‌కు లెనోవో బయోస్ అప్‌డేట్ ఇచ్చి, లినక్స్ కోసం ఎస్3ని ఎంచుకునే వీలు కల్పించింది. మిగతా తయారీదారులూ ఇలా చేయాలి. చేయలేకపోతే ఎస్3 ఉందో లేదో వివరాల పట్టికలోనైనా స్పష్టంగా రాయాలి. ర్యామ్, స్క్రీన్ కొలతలు గొప్పగా ముద్రించేవారు నిద్రలో గంటకు ఎంత ఛార్జింగ్ పోతుందో ఎక్కడా చెప్పకపోవడం కొనుగోలుదారుకు అన్యాయమే.

ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు వందల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు కొనేటప్పుడు ఈ వివరాన్ని టెండరు షరతుల్లో చేర్చాలని కోరుతున్నాను. కొనుగోలు కమిటీ ఒక నమూనా యంత్రాన్ని తెప్పించి, లినక్స్ ఎక్కించి, రాత్రంతా మూత వేసి ఉంచి, ఉదయం ఛార్జింగ్ ఎంత తగ్గిందో నమోదు చేసుకున్న తర్వాతే ఆర్డరు ఇవ్వాలి.

– కంప్యూటర్ ల్యాబ్ నిర్వాహకుడు, వరంగల్