జీతం గురించి అడగడం అమర్యాద కాదు

సంపాదకులకు నమస్కారం.

ప్రాంగణ నియామకాలు (క్యాంపస్ సెలక్షన్లు) జరిగే రోజుల్లో ఏ కళాశాల నుంచి ఎందరు ఎంపికయ్యారు, అందరికన్నా పెద్ద ప్యాకేజీ ఎవరికి వచ్చింది అన్న వార్తలు ఫొటోలతో సహా వస్తుంటాయి. ఆ పిల్లల్లో ఎందరికి నెలకు చేతికి ఎంత వస్తుందో, ఎన్నేళ్లు కట్టుబడి ఉండాలో, మానుకోవాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలో తెలుసునన్నది మాత్రం వార్త కాదు. అనంతపురంలో చాలాకాలం వాణిజ్యశాస్త్రం బోధించాను. చదువు ముగించుకున్న విద్యార్థులు తెచ్చి చూపించిన ఆఫర్ లెటర్లు ఎన్నో చదివి పెట్టాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మన రాయలసీమ పిల్లలు ఇంగ్లిష్ రాక నష్టపోయే దానికన్నా, అడగవలసిన చోట అడగలేక నష్టపోయేదే ఎక్కువ.

ఈ బెరుకు ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషికి ఉద్యోగం రావడమే పెద్ద విషయం. ఇచ్చినవాళ్లను మళ్లీ ప్రశ్నించడమేమిటని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. పెద్దలకు ఎదురు చెప్పకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పుతాం. అలా పెరిగిన పిల్లవాణ్ణి బెంగళూరులో ఇంటర్వ్యూ చేసే అధికారి "ఎంత జీతం ఆశిస్తున్నావు?" అని అడిగితే "మీ ఇష్టం సార్" అంటాడు. అతని దృష్టిలో అది వినయం. ఎదుట కూర్చున్న వ్యక్తికి మాత్రం, తాను చేయబోయే పనికి బయట ఎంత ఇస్తున్నారో ఇతను కనుక్కోలేదని అర్థమవుతుంది. "ఇలాంటి పనికి ఈ ఊళ్లో ఇస్తున్న జీతాలు విచారించాను సార్, ఇంత నుంచి ఇంత వరకు ఆశిస్తున్నాను" అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పడంలో ఏ మర్యాదా తప్పిపోదు.

జీతపు లెక్క సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఏడాదికి 3,60,000 రూపాయల ప్యాకేజీ అనగానే ఇంట్లోవాళ్లు నెలకు 30,000 అని లెక్కవేస్తారు, ఆ లెక్క మీదే అప్పులు తీర్చే ఆలోచనలు మొదలవుతాయి. అందులో మూలవేతనం సగం, అంటే 1,80,000 అనుకుందాం. దాని మీద యాజమాన్యం కట్టే 12 శాతం భవిష్యనిధి (పీఎఫ్), అంటే 21,600 రూపాయలు, సాధారణంగా ఆ ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి. ఏళ్ల సర్వీసు తర్వాత మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ పేరిట మూలవేతనంలో 4.81 శాతం, అంటే 8,658 రూపాయలు కూడా చాలా కంపెనీలు అందులోనే చూపిస్తాయి. పనితీరును బట్టి ఇచ్చే మొత్తం పది శాతమైతే మరో 36,000 ప్రతి నెలా రాదు, పూర్తిగా వస్తుందన్న హామీ కూడా ఉండదు. ఉద్యోగి వాటా భవిష్యనిధి 21,600 కూడా మినహాయిస్తే నెలకు చేతికందేది 22,700 రూపాయల లోపే. ఇందులో మోసమేమీ లేదు. భవిష్యనిధి ఉద్యోగి సొమ్మే. కానీ బెంగళూరులో గది అద్దె, భోజనం, ఇంటికి పంపే డబ్బు అన్నీ ఆ చివరి అంకెలోంచే రావాలి గనుక, చేరే ముందే "విడివిడిగా లెక్క ఇవ్వగలరా?" అని అడిగి తీరాలి. మీ పత్రిక కూడా ప్యాకేజీ అంకె పక్కన చేతికందే జీతాన్ని అడిగి ప్రచురిస్తే తల్లిదండ్రులకు మేలు చేసినట్లవుతుంది.

అంతకన్నా ప్రమాదకరమైనది బాండు, అంటే ఇన్నేళ్లు మానకుండా పనిచేస్తానని, మధ్యలో మానేస్తే ఇంత డబ్బు కడతానని రాసిచ్చే పత్రం. చదవకుండా సంతకం చేసి, ఆ తర్వాత "ఇలాంటివి కోర్టులో చెల్లవటగా" అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఆ ధీమా సరికాదు. ఉద్యోగం మానేశాక ఫలానా చోట పనిచేయకూడదనే నిర్బంధం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు, నిజమే. కానీ ఉద్యోగంలో ఉండవలసిన కాలం గురించి రాసుకున్న షరతు వేరు. మూడేళ్లు పూర్తికాకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించింది. కాబట్టి ఎంత కాలం, ఎంత మొత్తం, ఏ శిక్షణకు బదులుగా అన్న ప్రశ్నలు సంతకానికి ముందే అడగాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే, "సరిచూసుకుని తిరిగి ఇవ్వండి, నకళ్లు ఇస్తాను" అని చెప్పడానికి వెనుకాడకూడదు. మానుకునే ముందు తొంభై రోజుల నోటీసు కాలం ఆగాలన్న నిబంధన సాఫ్ట్‌వేర్ రంగంలో సాధారణమే అయినా, మరో ఉద్యోగం చేతికొచ్చాక దాన్ని మొదటిసారి చదివేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ కళాశాలల పాత్ర నాకు బాధ కలిగిస్తుంది. కంపెనీ ప్రతినిధులు వచ్చే ముందు రోజు "ఎవరూ జీతం, బాండు గురించి అడగవద్దు, మళ్లీ ఏడాది వాళ్లు మన కాలేజీకి రారు" అని విద్యార్థులను హెచ్చరించిన సందర్భాలు నాకు తెలుసు. కంపెనీ మళ్లీ రావడం కళాశాల అవసరం. షరతులు తెలుసుకోవడం విద్యార్థి అవసరం. ఈ రెండింటిలో దేనికోసం నియామక విభాగం ఉందో యాజమాన్యాలు ఆలోచించాలి.

ఇంత పోటీలో అడిగితే వచ్చిన ఉద్యోగమూ పోతుందేమోనన్న భయం అర్థం లేనిది కాదు. వందల మందిని ఒకేసారి తీసుకునే చోట కొత్తవాళ్లకు జీతం ముందే ఖాయమై ఉంటుంది, బేరానికి తావుండదు. అక్కడ అంకెను కాక షరతులను అడగాలి: పని ఏ ఊళ్లో, ఏ షిఫ్టులో, ప్రొబేషన్ (ఉద్యోగం ఖాయమయ్యే ముందు పరీక్షా కాలం) ఎన్ని నెలలు, చేరే తేదీ ఏది. జీతం గట్టిగా మాట్లాడవలసింది రెండో ఉద్యోగంలో, రెండు మూడేళ్ల పని చూపించగలిగినప్పుడు. చేసిన పనిని రాసి పెట్టుకున్నవాళ్లే అక్కడ నిలబడి మాట్లాడగలరు. మేనేజరు తనంతట తాను గుర్తిస్తాడని ఏళ్ల తరబడి ఎదురుచూసిన మంచి పనివాళ్లను చూశాను. పక్కన కూర్చున్నవాళ్లు అడిగి పెంచుకున్నారు.

ఆడపిల్లలకు మరో చిక్కు ఉంది. "పెళ్లెప్పుడు? పెళ్లయ్యాక మానేస్తావా?" అని ఇంటర్వ్యూలో ఇప్పటికీ అడుగుతున్నారు. నియామకంలోనూ వేతనంలోనూ స్త్రీలపట్ల వివక్ష కూడదని 1976 నుంచీ చట్టం చెబుతోంది, 2019 వేతన స్మృతీ అదే చెప్పింది. "ఈ పనిని ఎలా చేస్తానో చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను, సార్, నా పెళ్లి దానికి అడ్డు కాదు" అని జవాబిచ్చిన అమ్మాయిని పొగరుబోతు అనకుండా ఉండడం ముందు మన ఇళ్లలోనే మొదలవ్వాలి.

ఈ మాటలు ఇంజినీరింగ్ చదివినవాళ్లకే పరిమితం కావు. పెనుకొండ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టరు ద్వారా చేరే ఐటీఐ కుర్రవాడు తన యజమాని ఎవరో, తన భవిష్యనిధి ఖాతా నంబరు ఏమిటో అడిగి తెలుసుకోవాలి. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే ప్రధాన యాజమాన్యమే, అంటే పని చేయించుకునే ఫ్యాక్టరీయే, చెల్లించాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్న నియమమే. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లేవాళ్లు ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదని నిబంధన ఉంది. ఏ ఉద్యోగమైనా నియామక పత్రం కాగితం మీద ఉండాల్సిందే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు (కొత్త కార్మిక చట్టాలు) దాన్ని తప్పనిసరి చేశాయి గనుక, ఇక దాన్ని అడగడానికి మొహమాటపడవలసిన పనే లేదు.

జేఎన్‌టీయూ అనంతపురం, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు తమ అనుబంధ కళాశాలలకు మూడు ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాను. కంపెనీ వచ్చే ముందే జీతం విడివిడి లెక్క, బాండు, నోటీసు కాలం రాతపూర్వకంగా తెప్పించి విద్యార్థులకు అందజేయాలి. ప్రశ్న అడిగినందుకు ఏ విద్యార్థినీ తదుపరి నియామకాలకు దూరం పెట్టకూడదు. చివరి సంవత్సరంలో నిర్వహించే నమూనా ఇంటర్వ్యూలలో, జవాబులు చెప్పడంతోపాటు విద్యార్థి చేత ప్రశ్నలు అడిగించడాన్ని కూడా అభ్యాసం చేయించాలి. వచ్చే విద్యాసంవత్సరం నుంచే దీన్ని మొదలుపెట్టడానికి అదనపు నిధులేవీ అక్కరలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు,
అనంతపురం