భాషాభాగాలు ఇంట్లోనే నేర్పిద్దాం

అందరికీ నమస్కారం అండీ. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం... పిల్లలు ఈ 5 పేర్లూ గడగడా అప్పజెబుతారు. వాక్యం ఇస్తే మాత్రం టెన్షన్ పడతారు. నిన్న ప్రకాశం బ్యారేజీ మీద మా పాపకి ఒక ఆటో చూపించి, "పచ్చ ఆటో మెల్లగా వెళ్తోంది" అన్నాను. ఏ ఆటో? పచ్చ, విశేషణం. ఏం చేస్తోంది? వెళ్తోంది, క్రియ. "మెల్లగా" దగ్గర ఆగిపోయింది, అదీ విశేషణమే అంది. "అది ఆటో గురించి చెబుతోందా, వెళ్లడం గురించా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి "వెళ్లడం గురించే, అయితే అవ్యయం!" అంది. ఎంత సంతోషమేసిందో!

ఇంగ్లీషులో ఇవి 8. అక్కడ "మెల్లగా" లాంటి మాట అడ్వర్బ్ అవుతుంది. దయచేసి నిర్వచనాలు బట్టీ పట్టించకండి, ఇలా ప్రశ్నలే అడగండి. మీ పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.