బేగంపేట బడి అంటే నాదెళ్ల ఒక్కరేనా?

సంపాదకుల గారికి నమస్కారం,

బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ గురించి ఏ పేపర్ తెరిచినా అక్కడ చదివి పెద్ద కంపెనీలకు సీఈఓలైన సత్య నాదెళ్ల, శాంతను నారాయణ్, అజయ్ బంగా అనే లిస్టే. వాళ్లు గొప్పవాళ్లే, కాదనను. కానీ అసలు ఆ బడి ఎందుకు పెట్టారో ఎవరూ రాయరేం?

మా నాన్న బస్సులో అటు వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి ఆ గోడ చూపించి "అదిగో జాగీర్దార్ కాలేజీ" అనేవాడు. నాకప్పుడు అర్థమయ్యేది కాదు. 1923లో నిజాం రాజ్యంలో జాగీర్దార్ల కొడుకుల కోసమే దాన్ని మొదలుపెట్టారు, అంటే రైతు పన్ను కడితే ఆ డబ్బుతో బతికే ఇళ్ల పిల్లలకన్నమాట, ఆ రైతు కొడుక్కి మాత్రం గేటు దాకా కూడా రానిచ్చేవాళ్లు కాదేమో. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, జాగీర్దార్లే లేకపోతే ఇక వాళ్ల కాలేజీ ఎవరికి? అందుకే 1951లో పేరు మార్చి అందరికీ తెరిచారు. ఆడపిల్లలకు మాత్రం 1980ల చివరి దాకా చోటు దొరకలేదు, ఇది కూడా రాయండి.

ఇంకొకటి. గిరిజన సంక్షేమ శాఖ లాటరీ తీసి ఒకటో తరగతిలో కొందరు పిల్లలకు అక్కడ సీట్లు ఇప్పిస్తోంది. జాగీర్దార్ల బడిలో ఇవాళ తండా పిల్లాడు టై కట్టుకుని కూర్చుంటున్నాడు. నాకైతే సీఈఓల కంటే ఇదే పెద్ద వార్త. మీ విలేకరిని ఒకసారి పంపండి సార్.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్