సంచి కొనే ముందు స్కేలు పట్టుకో

జమ్మికుంట
ఆదివారం

బిడ్డా,

నువ్వు ఫోన్ల పంపిన కెమెరా బ్యాగు చూసిన. మంచిగనే ఉంది గని నీకు అక్కరలేదు. రెండు కెమెరాలు, ఐదు లెన్సులు, లాప్‌టాపు, ట్రైపాడు మోసేటోళ్ళ కోసం కుట్టిన బ్యాగు అది. పొద్దున హన్మకొండల బస్సెక్కి, రామప్పో లక్నవరమో చూసి, పొద్దుగూకే యాళ్ళకు హాస్టలుకు తిరిగొచ్చేదానివి నువ్వు. నీ సామాను ఏస్తే దాంట్ల సగం ఖాళీ ఉంటది. ఖాళీ ఉంటే కెమెరా లోపల దొర్లుతది, లేకుంటే జాగ ఉంది కదా అని నువ్వే టిఫిను డబ్బా కుక్కుతవు.

ముందు స్కేలు తియ్యి. నీ క్యానన్ 1500డి బాడీ 129 మిల్లీమీటర్ల వెడల్పు, 101 ఎత్తు, 78 మందం. 18-55 లెన్సు (ఆ అంకెలు ఎంత దగ్గరగ చూపిస్తదో చెప్పేటివి, సైజువి కావు) తగిలించి ఉంచితే ముందునుంచి వెనకకు 15 సెంటీమీటర్ల లోపల పడతది. 55-250 లెన్సు విడిగనే 11 సెంటీమీటర్లు, చుట్టుకొలత కాదు, పొడుగు. 50 ఎంఎం లెన్సు పొడుగు నాలుగు సెంటీమీటర్లు కూడ లేదు. మూడు లెన్సుల లావూ ఏడు సెంటీమీటర్ల దగ్గరనే. హుడ్డు, అదే లెన్సు ముందు తగిలించే గొడుగు, తిరగేసి పెడితే ఇంకా లావైతది, అది మరువకు.

ఇప్పుడు లెక్క చూడు. కెమెరాను లెన్సు కిందికి చేసి నిలబెట్టే గదికి పొడుగు దిక్కు 15 సెంటీమీటర్లు కావాలె. పక్కన 55-250 నిలబెట్టే గదికి 9. నడుమ అడ్డు ఫోం ఒక సెంటీమీటరు. మొత్తం 25 పొడుగు, 13 వెడల్పు, 17 ఎత్తు. 55-250 మీద ఒక ఫోం ముక్క ఏసి దాని మీద 50 ఎంఎం పెడితే 16 అయితది, ఆ గదిలనే ఇముడుతది. ఇది లోపలి కొలత. దుకాణమోళ్ళు బ్యాగు మీద రాసేది ఎక్కువసార్లు బయటి కొలత. ఫోం ఒక్కో దిక్కు సెంటీమీటరు పైనే తింటది కాబట్టి బయట 25 అని రాసిన దాంట్ల నీ సామాను పట్టదు.

బరువు కూడ కూడు. బాడీ 475 గ్రాములు, 18-55 రెండు వందలు, 55-250 మూడు వందల డెబ్బై అయిదు, 50 ఎంఎం నూట అరవై. అంత కలిపితే కిలోంపావు కూడ కాదు. లీటరు నీళ్ళ సీసా ఒక్కటే కిలో! అంటే నీ భుజం నొప్పి సగం నీళ్ళదే. ఒక్క భుజానికి ఏసుకునే స్లింగ్ బ్యాగు నీళ్ళతోటి కలిపితే మధ్యాహ్నానికి మెడ పట్టేస్తది. ఒక్క లెన్సుతోటి ఖిలా వరంగల్ దాక పోయొచ్చే రోజుకు అది సరిపోతది గని, ఉన్న పైసలన్నీ దాని మీద పెట్టకు.

నా మాట ఇంటే కెమెరా బ్యాగే కొనకు. నీ కాలేజీ బ్యాగుకు రెండు భుజాల పట్టీలు మంచిగున్నయి. దాంట్ల దిగే మెత్తల పెట్టె, ఇన్సర్ట్ అంటరు కదా, అది ఒక్కటి చాలు. బస్సుల ఎవ్వరికీ లోపల కెమెరా ఉన్నట్టు కనపడదు, అది ఇంకో లాభం. తయారుది కొంటే మాత్రం మూడు చూడు. గోడను బొటనవేలుతోటి గట్టిగ ఒత్తు. అవతలి దిక్కు పెట్టిన వేలికి ఒత్తిడి తెలిసిందంటే అది ఉత్త స్పాంజి, మూడు నెలలకు అణిగిపోతది. అడుగు భాగం గోడలకంటే మందంగ ఉండాలె, ఎందుకంటే బ్యాగును కింద పెట్టేటప్పుడు దెబ్బ తాకేది అక్కడనే. లోపలి గుడ్డ లేత రంగుది చూడు. నల్లగుడ్డల నల్ల లెన్సుమూత పడితే గుడి నీడల చేతితోటి తడుముకోవాలె.

జిప్పు ఉన్నది తీసుకుంటే దాని స్లైడరు వెనక అంకె చూడు. చాలావాటి మీద 5 అనో 8 అనో చెక్కి ఉంటది, మూసిన పళ్ళ వెడల్పు ఇంచుమించు అన్ని మిల్లీమీటర్లన్నట్టు. పెద్ద మూతకు 8 ఉండాలె, 5 నంబరుది చిన్న జేబులకు. జిప్పు పాడైతే జనం పళ్ళు పోయినయనుకుంటరు. ఎక్కువసార్లు పళ్ళు మంచిగనే ఉంటయి, స్లైడరు నోరు తెరుచుకుంటది, అందుకే అది దాటిపోయినంక వెనక విచ్చుకుంటది. పట్కారుతోటి స్లైడరు రెండు చెంపలు కొంచెం కొంచెం నొక్కితే మళ్ళ పట్టుకుంటది. ఒక్కసారే గట్టిగ నొక్కితే విరుగుతది, పైలం.

పట్టీ ఎక్కడ బ్యాగుల కలుస్తదో అక్కడ కుట్టు చూడు. చతురస్రం కుట్టి, దాని నడుమ అడ్డంగ రెండు గీతలు కలిసినట్టు కుట్టి ఉంటే బరువు మోస్తది. ఒక్క వరుస కుట్టే ఉంటే అక్కడనే ఊడుతది. నీ కాలేజీ బ్యాగుకు కూడ ముందు అదే చూసుకో. పోగు లేచి ఉంటే ఇంటికి తే, మిషను మీద ఇంకోసారి నడిపిస్త.

తయారుది కొనకుంటే ఇన్సర్టు నేనే కుడత. 10 మిల్లీమీటర్ల మందం ఈవీఏ అనే గట్టి ఫోం కావాలె. అడుగుకు 27 సెంటీమీటర్ల పొడుగు, 15 వెడల్పు ముక్కలు రెండు, ఒకదాని మీద ఒకటి. పొడుగు గోడలు 27, 17 ముక్కలు రెండు. పొట్టి గోడలు 13, 17 ముక్కలు రెండు, ఇవి పొడుగు గోడల నడుమ కూచుంటయి. అడ్డు గోడకు ఇంకో 13, 17 ముక్క. రబ్బరు సొల్యూషన్ రెండు అంచులకూ పూసి, జర ఆరినంక అతికించాలె. తడిగ ఉన్నప్పుడు అంటిస్తే జారుతది. వాసన పూర్తిగ పోయేదాక కెమెరా దాంట్ల పెట్టొద్దు. అడ్డు గోడ అంచులకు వెల్క్రో గరుకు దిక్కు వస్తది, లోపలి గుడ్డకు మెత్త దిక్కు. దుమ్ము, నూలు పట్టి అది పట్టు తప్పితే పాత టూత్‌బ్రష్‌తోటి దువ్వు.

కెమెరా గదిల ఒక చిన్న ముచ్చట ఉంది. లెన్సు కిందికి చేసి పెట్టినప్పుడు బాడీ బరువంతా లెన్సు మూతి మీద పడకూడదు. 18-55 ముందు గొట్టం ప్లాస్టిక్కు, బస్సు కుదుపులకు అది వదులైతది. అందుకని లెన్సుకు ఇరుపక్కల ఫోం దిమ్మలు పెడత, బాడీ అంచులు వాటి మీద ఆనుతయి, లెన్సు మూత అడుగుకు అర సెంటీమీటరు పైన ఆగుతది. చెయ్యి పట్టుకునే దిక్కు బాడీ ముందుకు పొడుచుకొచ్చి ఉంటది కాబట్టి ఆ పక్క దిమ్మ కొంచెం పొట్టిగ ఉంటది. పెట్టే ముందు స్విచ్ ఆపు, లేకుంటే షట్టరు బటను నొక్కుకుపోయి బ్యాటరీ దిగిపోతది.

బ్యాగుల సర్దేటప్పుడు ఇన్సర్టు అడుగున పెట్టకు. అడుగున చున్నీ, తువ్వాల ఏదన్న మెత్తటిది పరిచి, దాని మీద ఇన్సర్టు పెట్టు. తీసుకునుడు అల్కగ అయితది, కింద ఇంకో మెత్త దొరుకుతది. నీళ్ళ సీసా బయటి పక్క జేబులనే. మూత గట్టిగున్నా సరే లోపల పెట్టొద్దు, చల్లటి సీసాకు చెమట పడతది. నిండు బ్యాటరీ మూత పైకి, అయిపోయింది కిందికి పెట్టుకుంటే చూడకుండనే తెలుస్తది. తినేటివి ఇన్సర్టు దగ్గర వద్దు. గుళ్ళ దగ్గర కోతులు ప్లాస్టిక్ కవరు చప్పుడుకే దిగుతయి, అవి గుంజేది బ్యాగునే.

ట్రైపాడు పట్టీలున్నయని ఆ బ్యాగు నచ్చిందన్నవు. రామప్ప, వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ మూడూ పురావస్తుశాఖ కిందివి, ట్రైపాడు నిలబెట్టాలంటే అనుమతి కావాలె. ఇగ ఆ పట్టీలు దేనికి? రామప్ప మంటపంల వెలుతురు తక్కువుంటది, అక్కడ నీకు పనికొచ్చేది ఎఫ్ 1.8 దాక తెరుచుకునే, అంటే ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చే 50 ఎంఎం. అందుకే దాన్ని పైన పెట్టమన్న.

వానకు మాత్రం పైసలు పెట్టు. బ్యాగు గుడ్డకు నీళ్ళు ఆగినా కుట్ల సందుల నుంచి, జిప్పు నుంచి దిగుతయి. రెయిన్ కవరు కొంటే అది బ్యాగు వీపు దిక్కు మూయదు. భుజాల మీద నుంచి జారిన నీళ్ళు నీ వీపుకూ బ్యాగుకూ నడుమ దిగి గుడ్డను తడుపుతయి. వాన పడుతుంటే ఇన్సర్టు మొత్తం ఒక మందం పాలిథిన్ కవర్ల పెట్టు, బొగత జలపాతం దగ్గర తుంపరకు కూడ ఇదే. వాన ఆగంగనే తీసెయ్యి, మూసి ఉంచితే లోపలి తేమే లెన్సుకు పడతది. ఏసీ బస్సు దిగినంక అరగంట జిప్పు తెరవకు, చల్లటి అద్దం మీద ఆవిరి కమ్ముతది.

వరంగల్ కొత్తవాడల నేసే దరీ (నూలు జంబుకానా) గుడ్డతోటి సంచి కుట్టియ్యుమని నీ దోస్తు అడిగిందట. 2018ల వరంగల్ దరీలకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందంల వంక లేదు. నూలు నీళ్ళు తాగుతది కాబట్టి ఎండకాలానికైతే కుడత, వానకాలానికి వద్దు.

ఇంటికొచ్చినంక కెమెరాను బ్యాగుల నిద్రపుచ్చకు. ఫోం, గుడ్డ చెమటను పట్టి ఉంచుతయి, అద్దంల సాలెగూడు పోగుల్లెక్క బూజు అక్కడనే మొదలైతది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాల, సిలికా జెల్ పొట్లంతోటి పెట్టు. నారింజ రంగు గోళీలు ఆకుపచ్చగ మారితే తేమ నిండినట్టు. అప్పుడు ఇంటికి తే, పెనం మీద సన్నటి మంటకు వేడిచేసి ఇస్త. బియ్యంల మాత్రం పెట్టకు, దాని పిండి దుమ్ము రింగుల సందులల్లకు పోతది.

ఫోం, గుడ్డ, రెయిన్ కవరు, డబ్బా అన్నీ కలిపినా నువ్వనుకున్న 1500 రూపాయలు దాటదు. మిగిలితే ఇంకో ఎల్‌పీ-ఈ10 బ్యాటరీకి దాచిపెట్టు. నీ కాలేజీ బ్యాగు లోపలి అడుగు పొడుగు, వెడల్పు టేపుతోటి కొలిచి రేపు పంపు. బయట 27, 15 పడకుంటే పొట్టి గోడలు కత్తిరించే ముందే నాకు తెలవాలె.

మీ అమ్మ