పుస్తకాలు పంపి ఊరుకుంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

దూరవిద్య అడ్మిషన్ల ప్రకటనలు మీ పేపర్లోనే చూస్తుంటాను. ఎంతమంది చేరారో గొప్పగా చెప్తారు గానీ, వాళ్లలో ఎంతమంది డిగ్రీ చేతికి తీసుకున్నారో ఎవరూ చెప్పరు. నేనూ అలా చేరినదాన్నే, పెళ్లయిన పదకొండేళ్లకి, పగలు బట్టల షాపులో పనిచేస్తూ. యూనివర్సిటీ పేరు రాయను, ఎవరినో దులిపెయ్యాలని కాదు ఈ ఉత్తరం.

మొదటి ఆదివారం కాంటాక్ట్ క్లాసుకి, అంటే స్టడీ సెంటర్‌లో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే పాఠాలకి, నలభై మందికి పైగా వచ్చాం, బెంచీలు చాలక కొందరు కిటికీ గట్టు మీద కూర్చున్నారు. దసరా దాటేసరికి తొమ్మిది మందిమి మిగిలాం. మానేసినవాళ్లు చదువు రానివాళ్లు కాదు. నా పక్కన కూర్చునే అమ్మాయి బస్సులో గంటన్నర ప్రయాణం చేసి వచ్చేది, లెక్కలు నాకంటే బాగా చేసేది. ఆమెకి పుస్తకాల కట్ట రానేలేదు. స్టడీ సెంటర్‌లో అడిగితే హెడ్డాఫీసుకి ఫోన్ చెయ్యమన్నారు, అక్కడికి చేస్తే స్టడీ సెంటర్‌లోనే అడగమన్నారు. పరీక్ష ఫీజు ఆఖరి తేదీ వెబ్‌సైట్‌లో పెట్టారట, ఆమె దగ్గరున్నదేమో బటన్ల ఫోను. తేదీ దాటిపోయింది, ఇంట్లో "ఇంక చాల్లే" అన్నారు, అంతే.

నేనూ మానేసేదాన్నే. రెండు ఆదివారాలు వెళ్లకపోతే సెంటర్‌లో పనిచేసే ఒక సారు తన సొంత ఫోన్ నుంచి చేసి "ఏమ్మా, రావట్లేదు, అసైన్‌మెంట్ ఇచ్చావా?" అని అడిగారు. అది ఆయన డ్యూటీ కూడా కాదు. సిగ్గేసి ఆ రాత్రే పిల్లలు పడుకున్నాక రాయడానికి కూర్చున్నాను.

1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఓపెన్ యూనివర్సిటీ, పెట్టింది మన దగ్గరే, హైదరాబాద్‌లోని ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అదే. ఇంటర్ చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్నారు. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే తర్వాత దేశమంతటికీ ఉన్న ఇందిరా గాంధీ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోకి కూడా మొదటి వీసీ అయ్యారు. అలాంటి చోట అందరినీ రమ్మని పిలిచాక, వచ్చినవాళ్లు ఏమయ్యారో చూసే మనిషి ఉండొద్దా? మామూలు కాలేజీలో మూడు రోజులు కనిపించకపోతే స్నేహితులైనా అడుగుతారు. మాకు అదీ లేదు. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా గడువిస్తారు, మంచిదే, కానీ పలకరించేవాళ్లు లేకపోతే వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటూనే ఆరేళ్లూ అయిపోతాయి.

ఇంగ్లీషు మెసేజీలతో పని జరగదు. ప్రతి సెంటర్‌లో ఒకరికి ఈ పనే అప్పజెప్పండి, ఫీజు కట్టనివాళ్ల లిస్టు చేతికివ్వండి, గడువుకి వారం ముందు తెలుగులో ఫోన్ చేయించండి. దానికి ఫీజులో ఇంకో యాభై రూపాయలు కలిపినా కడతాం.

మొన్న ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "అక్కా, ఇప్పుడు ఫీజు కడితే మళ్లీ రానిస్తారా?" అంది. ఎవర్ని అడగాలో నాకూ తెలియలేదు.

- ఒక దూరవిద్య విద్యార్థిని