నిరుద్యోగం, శ్రామికుల కొరత: ఒకే తూకంలో వేయదగినవి కావు

సంపాదకులకు,

అయ్యా,

పని దొరకని మనుషులు, మనుషులు దొరకని పనులు ఆర్థిక వ్యవస్థకు ఒకే రకమైన నష్టమన్న ధోరణిలో మీ పత్రికలో కొంతకాలంగా వ్యాసాలు వస్తున్నాయి. తక్కెడలో ఒకవైపు ఖాళీల సంఖ్య, మరోవైపు నిరుద్యోగుల సంఖ్య వేసి, రెండూ సరితూగితే చాలునన్నది వాటి సారాంశం. ఈ లెక్కతో నేను ఏకీభవించలేకపోతున్నాను.

సంపూర్ణ ఉద్యోగిత అంటే నిరుద్యోగుల కంటే ఖాళీలే ఎప్పుడూ ఎక్కువగా ఉండటమని బ్రిటన్‌కు చెందిన ఆర్థికవేత్త విలియం బెవరిడ్జ్ 1944లోనే నిర్వచించారు. పనివారు దొరకని యజమానికి ఇబ్బంది కలుగుతుంది, లాభం తగ్గుతుంది. పని దొరకని మనిషికి మాత్రం నీతో ఎవరికీ అవసరం లేదని చెప్పినట్టవుతుంది. ఆయన వాదనకు మూలం ఈ తేడాయే. 1930ల తొలినాళ్లలో ఆస్ట్రియాలోని మారియెంతాల్‌లో ఊరంతటికీ ఆధారమైన మిల్లు మూతపడ్డాక అక్కడికి వెళ్లిన పరిశోధకులు, వీధిలో వెళ్లేవారి నడక వేగాన్ని గడియారం పట్టుకుని మరీ కొలిచారు. వేళకు చేరవలసిన చోటంటూ లేని మగవారు మెల్లగా నడుస్తూ, దారిలో మాటిమాటికీ ఆగిపోయేవారు. రోజంతా తీరికే అయినా, గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది.

నేను చాలా ఏళ్లు నియామకాల ఇంటర్వ్యూలలో ప్రశ్నలు అడిగే వైపు కూర్చున్నాను. “ఈ రెండేళ్లూ ఏం చేశారు?” అని అడగగానే ఎదుటివారు తల దించుకుని, అప్పటికే సర్ది ఉన్న సర్టిఫికెట్లను ఫైలులో మళ్లీ సర్దుకోవడం ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఆ రెండేళ్ల విరామాన్ని చూసి దరఖాస్తులు పక్కన పెట్టినవారిలో నేనూ ఉన్నాను. అది తప్పని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. భర్తీ కాని పోస్టు ఏడాది గడిచినా అదే పోస్టుగా ఉంటుంది. ఏడాది పాటు పని లేని మనిషికి చేతిలో ఉన్న నేర్పు తగ్గుతుంది, పరిచయాలు తెగిపోతాయి, అడగబోతే కాదంటారేమోనన్న జంకు మొదలవుతుంది.

పైగా తక్కెడలో వేసే ఆ సంఖ్యలే సరైనవి కావు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం ప్రకారం, సర్వే జరిగిన వారంలో జీతానికో లాభానికో ఒక్క గంట పనిచేసినా ఉద్యోగం ఉన్నట్టే లెక్క. ఆశ వదులుకుని వెతకడం మానేసిన మనిషి నిరుద్యోగుల జాబితాలోకే రాడు. ఇక ‘కొరత’ అనే మాట చాలాసార్లు, ఇవ్వజూపే జీతానికి, పెట్టే పనివేళలకు ఎవరూ ఒప్పుకోవడం లేదన్న సంగతికి మర్యాదగా పెట్టిన పేరు. 1348–49లో ప్లేగు వల్ల ఇంగ్లండులో కూలీలు కరువైనప్పుడు పాలకులు 1349లో ఒక ఆర్డినెన్సు, 1351లో ఒక చట్టం తెచ్చి, కూలిని ప్లేగుకు ముందున్న స్థాయికే కట్టివేయడానికి ప్రయత్నించారు. కొరత అనగానే వేతనం పెరగకుండా చూడాలన్న ఆలోచన అంత పాతది.

అయితే కొరతలన్నీ ఇలాంటివే అనడం అన్యాయం. రాత్రి వార్డులో ఇద్దరు ముగ్గురు చూడవలసిన రోగులను ఒక్క నర్సే చూడవలసి వచ్చినప్పుడు నష్టపోయేది యజమాని లాభం కాదు, రోగి. జీతం పెంచినంత మాత్రాన నర్సు రేపటికి తయారు కాదు. అందుకు ఏళ్ల శిక్షణ కావాలి. అలాంటి చోట శిక్షణ సీట్లు పెంచాలి, చదువుకునే కాలంలో కుటుంబం గడిచే ఏర్పాటు చేయాలి. ఇతర రంగాల్లో ఎంతమంది నిరుద్యోగులను పోగుచేసినా ఆ వార్డుకు ఒక్క నర్సు కూడా పెరగదు.

ఖాళీలు మితిమీరితే వేతనాలు, వాటితో ధరలు పెరుగుతాయని, వాటిని అదుపు చేయాలంటే నిరుద్యోగం కొంత పెరగక తప్పదని చెప్పేవారి భయాన్ని నేను కొట్టిపారేయను. ధరల దెబ్బ ముందుగా తగిలేది పేదలకే. కానీ 2022 మార్చిలో అమెరికాలో దాదాపు 60 లక్షల మంది నిరుద్యోగులకు 1.2 కోట్ల ఖాళీలు ఉండేవి. వడ్డీ రేట్లు వేగంగా పెంచాక 2023 చివరికి ఖాళీలు 90 లక్షల దరిదాపులకు తగ్గాయి, ద్రవ్యోల్బణమూ బాగా దిగివచ్చింది. నిరుద్యోగం మాత్రం 4 శాతం లోపే ఉంది. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని అనలేం గానీ, ఉద్యోగాలు పోవడమే ఏకైక మార్గమన్న వాదన మాత్రం అక్కడ నిలబడలేదు.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. ఖాళీల సంఖ్యను ప్రచురించిన ప్రతిసారీ ఆ పోస్టులకు ఇవ్వజూపుతున్న వేతనం ఎంతో, ఏడాదికి పైగా పని లేకుండా ఉన్నవారు ఎందరో పక్కనే అచ్చువేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు